రెంటికీ చెడ్డ రివాల్వర్

అమెరికాలో ఇంటి రక్షణ కోసం మొదటిసారి తుపాకీ కొనడానికి వెళ్లినవారికి ‘జడ్జి’ ఇట్టే నచ్చేస్తుంది. చూడ్డానికి రివాల్వరే, కానీ సిలిండర్ మాత్రం అసాధారణంగా పొడవు. అందులో .45 కోల్ట్ తూటాలూ పడతాయి, .410 షాట్‌గన్ షెల్సూ పడతాయి. షెల్ పేలితే పెల్లెట్లు జల్లులా విరజిమ్ముతాయి కనుక గురి అక్కర్లేదన్నది జనం నమ్మకం. చీకట్లో, చేతులు వణుకుతున్నవేళ అంతకన్నా ఏం కావాలి?

బ్రెజిల్ కంపెనీ టారస్ తయారుచేసే ఈ అయిదు తూటాల రివాల్వర్‌కు ఆ పేరు 2006లో వచ్చింది. మయామీలో జడ్జిలు ఆత్మరక్షణకు దీన్ని కోర్టులకు తీసుకెళ్తున్నారని తెలిసి అలా పిలిచామని కంపెనీ చెప్పుకుంటుంది. కథ నిజమో కాదో గానీ వ్యాపారానికి బాగా పనికొచ్చింది. 2011లో స్మిత్ అండ్ వెసన్ ఆరు తూటాల ‘గవర్నర్’తో పోటీకి దిగింది. జడ్జి తర్వాత గవర్నర్, పదవులకు కొదవలేదు.

అసలు చిక్కు బ్యారెల్‌లో ఉంది. గొట్టం లోపల నున్నగా ఉండి షాట్‌గన్ షెల్ పేల్చే చేతి తుపాకీ 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం పరిధిలోకి వస్తుంది. ఫెడరల్ ప్రభుత్వం వద్ద నమోదు చేయించనిదే దాన్ని ఉంచుకోకూడదు. అందుకే జడ్జి గొట్టంలో మెలి తిరిగిన గాళ్లున్నాయి. తూటాకు కావలసిన ఆ గాళ్ల వల్లే అది మామూలు రివాల్వర్‌గా చెలామణీ అవుతోంది. కాలిఫోర్నియా మాత్రం ఈ వాదన ఒప్పుకోలేదు. అక్కడి చట్టం దృష్టిలో ఇది పొట్టి షాట్‌గన్, అమ్మడానికి లేదు.

చట్టం నుంచి కాపాడిన గాళ్లే షెల్‌ను పాడుచేస్తాయి. గొట్టంలో గిర్రున తిరిగిన పెల్లెట్లు బయటకు రాగానే చెదిరిపోతాయి, ఒక్కోసారి మధ్యలో ఖాళీ మిగిల్చి గారెలా పరుచుకుంటాయి. పక్షులను కొట్టే సన్న పెల్లెట్లకు గది దాటేసరికే మనిషిని ఆపే సత్తా ఉండదు. పాముల మీద, అదీ నాలుగడుగుల దూరంలో, పనిచేస్తాయి. చేతి తుపాకీ కోసమే చేసిన పెద్ద పెల్లెట్ల షెల్ నయం, కానీ రెండున్నర అంగుళాల షెల్‌లో అవి నాలుగే. నాలుగింటికీ గురి కావాలి. పోనీ .45 తూటా వాడదామంటే, షెల్ కోసం పొడిగించిన సిలిండర్‌లో అది చాలా దూరం గెంతితే గానీ గాళ్లను అందుకోదు. గురి అక్కడా కొంత దెబ్బతింటుంది.

కొనడం తేలికే. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం కింద ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో 4473 నంబరు ఫారం నింపితే, 1998 నుంచి నడుస్తున్న ఎఫ్‌బీఐ తనిఖీ తరచూ నిమిషాల్లో ముగుస్తుంది. అయితే గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక రాత్రి షిఫ్టు చేసే తెలుగు విద్యార్థికి ఈ దారి మూసే ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల వారు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరం. విచిత్రమేమంటే, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. ఆత్మరక్షణకు చూపని దయ జింకల వేటకు చూపారన్నమాట. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు.

కొన్నాక మొదలయ్యే పని వేరు. డీలరు చేతి తుపాకీతోపాటు తాళం కూడా ఇవ్వాలని 2005లో చట్టం వచ్చింది. దాన్ని వేయడం యజమాని ఇష్టం, రాష్ట్ర చట్టం అడ్డుచెప్తే తప్ప. చాలామంది ముందు రెండు షెల్స్, వెనక మూడు తూటాలు నింపి మంచం పక్క సొరుగులో పెడతారు. అమెరికా ఇళ్లలో గదుల మధ్య గోడలు పల్చటి జిప్సం బోర్డులే. .45 తూటా వాటిని సునాయాసంగా దాటుతుంది. అవతలి గది తరచూ పిల్లలది.