పిస్తోలు సంగతి సరే, లైసెన్సు ఎవరి చేతిలో ఉంది?

మిత్రులారా, పోయినవారం చెప్పిన హాస్టళ్ళ సంగతి ఈసారికి వాయిదా వేస్తున్నాను. మధ్యలో ఒక ఫోన్ వచ్చింది. దాని గురించి ముందు మాట్లాడుకోవాలి.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మన పెదకాకాని పక్క పల్లెవాడే, మనవాడే. "సార్, పిస్తోలు కొందామనుకుంటున్నా. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, ఏది తీసుకోవాలో తేలట్లేదు" అన్నాడు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది అని నవ్వాను. వాడు నవ్వలేదు. పక్క వీధిలో దొంగతనం జరిగిందట. భార్య ఒక్కతే ఇంట్లో ఉంటుందట.

అక్కడ పిస్తోళ్ళున్న తెలుగువాళ్ళ అభిప్రాయాలన్నీ వరసగా చెప్పాడు. ఒకాయన గ్లాక్ 17 తప్ప ఇంకోటి వద్దంటాడు. 17 తూటాలు పడతాయి, విడిభాగాలు తక్కువ, పెద్దగా పట్టించుకోకపోయినా పనిచేస్తుంది. ఇంకొకాయనది బెరెట్టా 92. బరువుగా ఉంటుంది కాబట్టి పేల్చినప్పుడు చేతిని తక్కువ తంతుంది, కానీ పిడి లావు, చిన్న చేతులకు ట్రిగ్గర్ అందదు. మూడో ఆయన వందేళ్ళనాటి 1911 నమూనా, .45 తూటా అంటే ప్రాణమిస్తాడు. ఇంట్లో ఉంచుకోవడానికి పెద్ద సైజు పిస్తోలే మేలని ముగ్గురి మాటా ఒకటే. గొట్టం పొడవు, పిడి అరచేతి నిండా పడుతుంది, గురి నిలుస్తుంది. కొనేముందు అద్దెకు తీసుకుని పేల్చి చూడు, చేతికి కుదిరిందే మంచి పిస్తోలు అని ముగ్గురూ చెప్పారట.

చేతికి కుదిరిందే మంచిది. ఈ మాట నాకు రెండు రోజులు వదల్లేదు. ఎవరి చేతికి?

మా ఊళ్ళో ఒక పెద్ద రైతుకి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికని లైసెన్సు. నా చిన్నప్పుడు మా అమ్మ ఆయన చేలో మిరపకాయలు కోసేది. ఒక ఏడాది కోతలప్పుడు ఆడకూలీలంతా ఒక మాట మీద నిలబడి కూలి పెంచమన్నారు. ఆ సాయంత్రం ఆయన తుపాకీ తెచ్చి అరుగు మీద పెట్టుకుని, నూనెగుడ్డతో నింపాదిగా తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. గుండు పేల్చలేదు. మర్నాడు పొద్దున పాత కూలికే అందరూ చేలోకి దిగారు. మా అమ్మ కూడా దిగింది. ఆ తుపాకీతో ఒక్క పంది చచ్చినట్టు నేనెప్పుడూ వినలేదు.

తుపాకీ పేలితేనే పనిచేసినట్టు అనుకునేవాళ్ళకు ఈ దృశ్యం అర్థం కాదు. లైసెన్సు కాగితమంటే, నీ భయం నిజమైనదని ప్రభుత్వం ఒప్పుకోవడం. ఆయన పంట మీద ఆయనకున్న భయాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆయన అరుగు ముందు మా అమ్మకున్న భయానికి ఏ ఆఫీసులోనూ ఫారం లేదు.

ఇక్కడ పిస్తోలు ఎంపిక అనేదే పెద్దగా లేదు. 9 ఎం.ఎం. తూటా మామూలు పౌరులకు నిషిద్ధం. లైసెన్సు ఉన్నవాళ్ళకు ప్రధానంగా దొరికేది .32 బోరు. ప్రభుత్వ కర్మాగారాల్లో తయారయ్యే అశని పిస్తోలు, కాన్పూరు రివాల్వర్లు. 2014లో ఢిల్లీ ఘటన తర్వాత నిర్భయ పేరు తలపించేలా 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసం ఒక రివాల్వరు తెచ్చారు. ధర లక్ష రూపాయల పైమాటే. మిరప కోతలకెళ్ళే ఆడమనిషికి అది ఎన్ని సీజన్ల కూలో మీరే లెక్కేసుకోండి.

నిజానికి చట్టంలో మాట వేరుగా ఉంది. 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చూడండి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని అందులో స్పష్టంగా ఉంది. 1878 నాటి తెల్లవాళ్ళ చట్టం ఆయుధాన్ని పాలకులకు వదిలి పాలితుల చేతుల్లోంచి లాగేసింది. స్వతంత్రం వచ్చాక ఆస్తిని కొలబద్దగా పెట్టవద్దని రాసుకున్నాం. రాసుకోవడం వరకే.

అసలు సంగతి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల్లో, 1995 నాటి వాటిల్లో, ఉంది. చట్టం మనందరికీ తెలుసు, 1989ది. నిబంధనలు చదివినవాళ్ళు తక్కువ. 3వ నిబంధన ఒకసారి తీసి చూడండి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే, అక్కడ ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్ళ దగ్గరి బంధువులవి, జీతగాళ్ళవి కూడా. ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాత, అవసరమనుకుంటే, ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా ఎస్సీ ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

మళ్ళీ చదవండి. ఇది ఏ రహస్య పార్టీ కరపత్రమూ కాదు. భారత ప్రభుత్వ గెజెట్.

ఈ నిబంధనలు వచ్చేనాటికి చుండూరు జరిగి నాలుగేళ్ళు. మనకు ఎంతో దూరం కాదు, తెనాలి దాటితే చుండూరు. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్ళో ఉండగానే మనవాళ్ళను తరిమి తరిమి చంపారు. 8 మంది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాడినవి గొడ్డళ్ళు, కత్తులు, ఇనపరాడ్లు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు కూడా పిస్తోళ్ళు అక్కర్లేకపోయింది. ఊరు ఊరంతా ఒకటై, స్టేషను కళ్ళు మూసుకుంటే గొడ్డలి చాలు. చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

కొందరు మిత్రులు ఇక్కడ ఆగి అడుగుతారని తెలుసు. "అంటే దళితుల్ని పిస్తోళ్ళు కొనుక్కోమంటున్నావా?" లేదు. సూటిగా చెబుతున్నాను, లేదు.

ఎందుకంటే ఇంట్లో తుపాకీ ఇంట్లోవాళ్ళకే ముందు ప్రమాదం. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తాగొచ్చి భార్యను కొట్టే మగవాడు మన పేటలో లేడని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? ఆ చేతికి పిస్తోలు ఇస్తే మొదట కూలేది మన చెల్లెలే.

రెండోది, అణగారినవాడి చేతిలో చట్టబద్ధమైన ఆయుధం కూడా రాజ్యం కళ్ళకు నేరంలాగే కనపడుతుంది. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు చట్టప్రకారమే తుపాకులు పట్టుకుని పోలీసుల మీద నిఘా పెడితే, ఆ చట్టాన్నే మార్చేశారు. సంతకం పెట్టిన గవర్నరు రీగన్. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడు, కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పాడు. అతనికి లైసెన్సు ఉంది. ఆ పోలీసు అక్కడే కాల్చి చంపాడు. తర్వాతి ఏడాది జ్యూరీ ఆ పోలీసు నిర్దోషి అంది.

బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ విషయాన్నే తడిమారు. ఈ దేశంలో కిందివాళ్ళు ఎందుకు తిరగబడలేకపోయారని అడిగి, ఆయుధం, ఓటు, చదువు అనే మూడు ఆయుధాలూ వాళ్ళకు లేకుండా చేశారని తేల్చారు. చదువు కొంత తెచ్చుకున్నాం. ఓటు వచ్చింది. మొదటిది మనం పట్టుకోవాలన్నది నా వాదన కాదు. అది ఒక్క కులం అరుగుల మీదే ఉండకూడదన్నది నా వాదన. 3వ నిబంధనలో నాకు కావాల్సింది మనకు ఇచ్చే లైసెన్సుల మాట కాదు, వాళ్ళవి రద్దు చేసే మాట.

అది కుదరని పని కూడా కాదు. ప్రతి ఎన్నికకూ చూస్తున్నాంగా! కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమ చేయమంటారు. పెద్దపెద్దవాళ్ళు కూడా తెచ్చి అప్పజెప్పి రసీదు తీసుకుంటారు. ఓటు కోసం చేయగలిగిన పని మా ప్రాణం కోసం ఎందుకు చేయరు?

కాబట్టి నాగార్జున యూనివర్సిటీలో చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక పని చేయండి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్రశ్నలు మూడే. జిల్లాలో ఆయుధ లైసెన్సులు ఎన్ని? వాటిలో ఎస్సీ ఎస్టీలవి ఎన్ని? 1995 నిబంధనల 3వ నిబంధన కింద ఇప్పటిదాకా రద్దు చేసినవి ఎన్ని? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు పట్టుకుని జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశానికి వెళ్దాం. ఆ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసింది, చట్టం వకీళ్ళ బీరువాల్లో కాదు మన చేతుల్లో ఉండాలనే.

టెక్సాస్ కుర్రాడికి నిన్న ఫోన్ చేశాను. ఏది కొనాలో నేను చెప్పలేను గానీ, ముందు మీ ఆవిణ్ణి అడిగావా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అడగలేదు సార్" అన్నాడు. అడుగు అన్నాను. తలుపుకు మంచి తాళం, పక్కింటివాళ్ళతో పరిచయం, ఆ తర్వాతే మిగతాది.

దరఖాస్తు నమూనా కావాల్సినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి. హాస్టళ్ళ సంగతి వచ్చే ఆదివారం.

జై భీమ్.