పూస పడితేనే లెక్క!

పాకాల జంక్షన్ ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. పక్కనే రైలు కూత పెట్టింది. చెవులు మూసుకున్నా ఛాతీలో అదురు తెలుస్తుంది. శబ్దం వినిపించడమే కాదు, నెడుతుంది కూడా. ఎంత గట్టిగా అంటారా? చిన్న పూసను గాల్లో నిలబెట్టేంత!

శబ్దమంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులే. పాకాల మండలంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా. అక్కడి శాస్త్రవేత్తలు స్పీకర్లతో శబ్దాన్ని ఆకాశంలోకి పంపి, 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్‌తో దాని వేగం కొలిచారు. దాన్నిబట్టి పైనున్న గాలి ఉష్ణోగ్రత లెక్కగట్టారు. వేడి ఒక డిగ్రీ పెరిగితే శబ్దం సెకనుకు సుమారు 60 సెంటీమీటర్లు ఎక్కువ దూరం వెళ్తుంది మరి!

గాదంకిలో శబ్దతరంగం పైకి సాగిపోయింది. అలా పోనీయకుండా ఒకేచోట నిలబెడితే? ఎదురెదురుగా స్పీకర్లు పెట్టి, మన చెవికి అందని 40 వేల హెర్ట్జ్ శబ్దం పంపితే, మధ్యలో సుమారు 4 మిల్లీమీటర్లకోచోట ఒత్తిడి మారని బిందువులు ఏర్పడతాయి. తేలికైన వస్తువులు వాటి దగ్గరే తేలుతూ ఉండిపోతాయి. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో 72 చిన్న స్పీకర్లతో చౌకగా తయారు చేసుకోగల ‘టైనీలెవ్’ పరికరం రూపొందించారు.

ఇంతకీ ఆ బలాన్ని కొలిచేదెలా? త్రాసో, స్ప్రింగో మధ్యలో పెడితే తరంగమే చెదిరిపోతుంది. అందుకని తేలుతున్న థర్మోకోల్ పూసను అలాగే ఉంచి, వోల్టేజీని మెల్లగా తగ్గిస్తారు. ఒక దశలో పూస టప్పున పడిపోతుంది. ఆ క్షణాన శబ్దం మోయగల గరిష్ఠ బలం, పూస బరువు సమానమన్నమాట. 2 మిల్లీమీటర్ల పూసలు డజను కలిస్తే సుమారు ఒక మిల్లీగ్రాము. బలం వోల్టేజీ వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 5 వోల్టుల దగ్గర పూస పడితే, 10 వోల్టుల దగ్గర దాదాపు నాలుగు పూసల బరువు మోయగలదని లెక్క.

మరో ఉపాయమూ ఉంది. పరికరం మొత్తాన్నీ సున్నితమైన త్రాసు మీద పెడితే, దేన్నీ తాకకుండా తేలే పూస బరువు కూడా త్రాసులో కనిపిస్తుంది! శబ్దం పూసను పైకి నెడితే, పూస అంతే బలంతో కిందికి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం ఇదే.

ఇదంతా వినోదం కోసం కాదు. పాత్ర గోడ తగలకుండా మందు ద్రావణం చుక్కను గాల్లోనే ఆరబెట్టే ప్రయోగాలు అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో జరిగాయి. నీటిచుక్క అదే సైజు థర్మోకోల్ పూసకన్నా సుమారు 50 రెట్లు బరువు. బలం ముందే తెలియకపోతే విలువైన మందు చుక్క నేలపాలే. పూస పడితే నష్టమేముంది, మళ్లీ ఎత్తి పెట్టుకోవచ్చు!