14 రోజుల ముసుగు

ఒక భవనానికి గుడ్డ చుట్టనివ్వండి మహాప్రభో అని 24 ఏళ్లు తిరిగినవాణ్ణి ఏమనాలి? మనవాళ్లయితే ఒక్క మాటలో తేల్చేస్తారు. జర్మనీలో మాత్రం పార్లమెంటే కూర్చుని చర్చించింది.

ఆయన పేరు క్రిస్టో, పుట్టింది బల్గేరియాలో. భార్య జాన్ క్లోద్ ఫ్రెంచి ఆవిడ. ఇద్దరూ పుట్టింది ఒకే రోజున, 1935 జూన్ 13న! బెర్లినులోని రైష్టాగ్ మీద ఆయన కన్ను పడింది 1971లో. 1933లో తగలబడి, 1945లో గుళ్ల దెబ్బలు తిని, ఆపైన బెర్లిన్ గోడను ఆనుకుని బతికిన పార్లమెంటు భవనం అది. దానికి ముసుగేమిటని ఛాన్సలర్ కోల్ అంతటివాడు అడ్డుపడ్డాడు. 1994 ఫిబ్రవరిలో ఓటుకు పెడితే ఔనన్నవారు 292, కాదన్నవారు 223.

మరుసటి సంవత్సరం జూన్‌లో చుట్టారు. లక్ష చదరపు మీటర్ల వెండిరంగు గుడ్డ, 15 కిలోమీటర్లకు పైగా నీలం తాడు! ఖర్చుకు ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. తమ బొమ్మలు అమ్ముకుని పెట్టుకున్నారు. టిక్కెట్టు లేదు. 50 లక్షల మంది వచ్చారట. వింతేముంది? రోజూ చూసే స్వామే అయినా, అలంకారానికి తెర వేసేసరికి మనం మెడలు సాచి నిలబడమూ?

ఇంకొన్నాళ్లు ఉంచమన్నా దంపతులు వినలేదు. మనమైతే ఆడుతున్న సినిమాలా మరో వారం పొడిగించేవాళ్లం. జూలై 7తో సరి.

"అంత గుడ్డా ఏం చేశారండీ?" అంది మా ఆవిడ, ఫోటో చూసి.

చూడవచ్చిన వాళ్లకు చిన్న చిన్న ముక్కలు ఊరికే పంచారు. మిగిలింది మరో వాడకానికి పంపేశారు.