అయిదు గినీల గెలుపు

టెస్టు రికార్డుల్లో వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ పేరు వెతికితే 18 మ్యాచ్‌లు, 635 పరుగులు, 58 వికెట్లు కనిపిస్తాయి. బ్యాటింగ్ సగటు ఇరవైకి చేరలేదు. అంకెలే కొలమానమైతే ఆయన్ని మరిచిపోవచ్చు. కానీ ఆటగాడి పేరుప్రతిష్ఠలు ఎవరికి అక్కరకు రావాలన్న ప్రశ్నకు ఆయన బతుకే జవాబు.

బానిసల వంశంలో 1901లో ట్రినిడాడ్‌లో పుట్టారాయన. తండ్రి లెబ్రన్ ఇంగ్లండ్‌లో పర్యటించిన క్రికెటర్. అయినా వలసపాలనలోని ఆ దీవిలో నల్లజాతి యువకుడు గుమాస్తాగిరీ దాటి ఎదగడం గగనమే. ఆయనకు దారి చూపింది ఆటే. 1928లో లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్‌పై 86, 103 పరుగులు చేసి, ఒక ఇన్నింగ్స్‌లో 57 పరుగులకే 7 వికెట్లు పడగొట్టి చేజారిన మ్యాచ్‌ను గెలిపించారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని లాంకషైర్ లీగ్‌లో నెల్సన్ క్లబ్బులో చేరారు. 9 సీజన్లలో ఆ క్లబ్బు 7 సార్లు విజేతగా నిలిచింది. నూలు మిల్లుల ఆ చిన్న ఊరు ఆయన్ని గుండెల్లో పెట్టుకుంది.

1943లో లార్డ్స్‌లో మ్యాచ్ ఆడేందుకు భార్యాబిడ్డలతో లండన్ వచ్చారు. ఇంపీరియల్ హోటల్లో ముందే గదులు మాట్లాడుకున్నారు. తీరా సామానుతో దిగాక, నల్లవాళ్లుంటే అమెరికన్ అతిథులు ఒప్పుకోరంటూ హోటల్ వాళ్లు పొమ్మన్నారు. ఆయన మరో హోటల్‌కు వెళ్లారు, కానీ అవమానాన్ని దిగమింగి ఊరుకోలేదు. కోర్టుకెక్కారు.

జాతివివక్షను నిషేధించే చట్టం అప్పట్లో లేదు. బాటసారిని సహేతుక కారణం లేకుండా సత్రం యజమాని వెళ్లగొట్టరాదన్న పాత న్యాయసూత్రమే ఆయనకు దన్నయింది. 1944లో తీర్పు అనుకూలంగా వచ్చింది. దక్కిన పరిహారం నాటి బ్రిటిష్ డబ్బులో అయిదు గినీలు, నామమాత్రమే. యుద్ధకాలంలో ఇంగ్లండ్ ఫ్యాక్టరీలకు వచ్చిన వెస్టిండీస్ కార్మికుల బాగోగులు చూసే ప్రభుత్వోద్యోగం అప్పుడాయనది. ఇంత పేరున్న తనకే గది ఇవ్వకపోతే, ఆ అనామకుల గతేమిటి? ఆ కేసు విలువను ఈ ప్రశ్నతోనే కొలవాలి.

1963లో నల్లవాళ్లను బస్సులు నడిపే సిబ్బందిగా తీసుకోబోమన్న బ్రిస్టల్ బస్సు కంపెనీపై, ట్రినిడాడ్ హైకమిషనర్ హోదాలో ఉండి కూడా బాహాటంగా గళమెత్తారు. దౌత్యవేత్తలు స్థానిక వివాదాల్లో తలదూర్చకూడదన్న మర్యాదకు ఆయన తలొగ్గలేదు. 1969లో బ్రిటన్ ప్రభువుల సభలో అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడయ్యారు. 1971లో కన్నుమూశారు.

ఆటగాళ్లు ఆట చూసుకుంటే చాలదా, లోకంగోల వాళ్లకెందుకన్న మాట మన దగ్గరా వింటుంటాం. అది తప్పు. జనం ఇచ్చిన పేరు జనానికి అక్కరకు రావాలి. హోటళ్లలో జాతివివక్షను నిషేధిస్తూ బ్రిటన్ 1965లో చట్టం చేసింది. దాని అమలుకు ఏర్పాటైన బోర్డు సభ్యుల్లో ఒకరు, ఆనాడు హోటల్ గుమ్మం నుంచి వెనుదిరిగిన కాన్‌స్టంటైనే.