పదివేల గంటలు ఎవరివి?

మా అక్క కొడుకు ఉద్యోగం మానేశాడు. డాలస్‌లో పదేళ్లుగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ముప్పై నాలుగేళ్లవాడు. గోల్ఫ్ ఆడతాడట. ఆదివారాలు సరదాకి ఆడటం కాదు, ప్రొఫెషనల్ ఆటగాడు అవుతాడట. గోల్ఫ్ కర్ర చేతపట్టి ఇంకా మూడేళ్లు నిండలేదు.

ఈ సంగతి పెదకాకానిలో మా అక్క ఎలా చెబుతోందో వినాలి. గొంతులో దిగులు లేదని కాదు, ఉంది. ఆ దిగులు అడుగున ఒక మురిపెం కూడా ఉంది. మల్లేశ్వరస్వామి గుడి దగ్గర కనబడినవాళ్లందరికీ "మావాడు గోల్ఫులో దిగాడు" అంటోంది. అదేం ఆటని వాళ్లడిగితే "కర్రాబిళ్ల లాంటిదేలే, బిళ్ల బదులు బంతి, అది పోయి గుంటలో పడాలి" అని వివరిస్తోంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. "మగపిల్లాడు, మనసు పడ్డాడు, రెండేళ్లు చూస్తే పోయేదేముంది?" అని చివర్న చేర్చే మాట దగ్గరే నాకూ అక్కకూ చెడింది.

ఎందుకంటే పోయేది ఉంది. అమ్మకి పుట్టింటివాళ్లు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరం మిరప చేను ఇప్పుడు మా ఇద్దరి పేరా ఉంది. దాన్నమ్మి డబ్బు డాలస్ పంపాలంటే నా సంతకం కావాలి.

"పిన్నీ, ఇది కలే, కాదనను. కానీ లెక్క ఉన్న కల" అన్నాడు వాడు ఫోన్లో. ఆ లెక్క పదివేల గంటలు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. వాళ్లలో మేటి అయినవాళ్లు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలు సాధన చేశారని అందులో తేలింది. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ తన 'అవుట్‌లయర్స్' పుస్తకంలో దాన్నొక సూత్రం చేసిపెట్టాడు. నా మాటకి అది అర్థం కాదు మొర్రో అని ఎరిక్సన్ ఆ తర్వాత చెప్పుకున్నాడు గానీ వినేదెవరు? 2010లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డాన్ మెక్‌లాఫ్లిన్ అనే ముప్పయ్యేళ్ల ఫొటోగ్రాఫర్ ఆ సూత్రాన్ని తన ఒంటి మీద పరీక్షించుకుంటానని ఉద్యోగం వదిలేశాడు. అంతకుముందు గోల్ఫ్ ఆడిన అనుభవమే లేదు. దాచుకున్న డబ్బుతో బతుకుతూ పదివేల గంటలు సాధన చేసి ప్రొఫెషనల్ కావాలన్నది పథకం. మొదటి నెలలన్నీ గుంటకి దగ్గర్లోంచి బంతిని దొర్లించడమే పని.

మావాడు ఈ కథని ఇక్కడిదాకానే చెప్పాడు. మిగతా సగం నేను చెప్పాను. అతను నిజంగానే బాగా ఆడాడు. హ్యాండీక్యాప్ మూడు లోపుకి దించుకున్నాడు. అంటే పద్దెనిమిది గుంటల ఆటలో నిర్ణీత దెబ్బల కంటే రెండు మూడు మాత్రమే ఎక్కువ కొట్టే స్థాయి. వారాంతాల్లో ఆడేవాళ్లలో చాలామందికి అది అందని ద్రాక్ష. ప్రొఫెషనల్ కావాలంటే మాత్రం సున్నా కూడా చాలదు, ఇంకా కిందికి పోవాలి. ఆరువేల గంటల దగ్గర, 2015లో, నడుం పట్టేసింది. పథకం అక్కడితో ఆగిపోయింది.

"అయినా అతను ప్రయత్నించాడు కదా పిన్నీ" అన్నాడు మావాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే, ప్రయత్నించాడు, ఓడాడు. ఓడినందుకు అతన్ని ఎవరూ వెలివేయలేదు సరికదా, ఆ ఓటమి కూడా ఆసక్తికరమైన కథయింది. నాకు అతని మీద కోపం లేదు. మావాడి మీదా లేదు. నా తగువు లెక్కతో. పదివేల గంటలంటున్నారు, అవి ఎక్కణ్ణించి వస్తాయి?

డాలస్‌లో ఆ గంటలు ఎక్కణ్ణించి వస్తున్నాయో నాకు తెలుసు. కోడలు ఉద్యోగం చేస్తోంది. ఇంటి వాయిదా ఆమె జీతంలోంచి, ముగ్గురి ఆరోగ్య బీమా ఆమె కంపెనీ నుంచి. రెండేళ్ల పాప. మావాడు పొద్దున ఆరింటికి కర్రల సంచీ భుజాన వేసుకుని పోతాడు. పాపకి పాలు పట్టి, డేకేర్‌లో దింపి, ఆఫీసుకి పోయి, సాయంత్రం పాపని తెచ్చుకుని, వంట చేసేది ఆమె. అతను గంటల్ని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడట, ఇవాళ్టికి వెయ్యీ ఇన్నని. ఆమె గంటల్ని రాసే నోట్‌బుక్కు ఆ ఇంట్లో లేదు.

ఏ ఇంట్లో ఉంది గనక? దేశానికైతే ఒకటుంది. 2019లో కేంద్ర గణాంక సంస్థ మనుషులు కాలాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. అలాంటి పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలా పని ముట్టుకునే మగవాళ్లే నూటికి పాతికమంది చిల్లర. 2024లో మళ్లీ చూస్తే ఆడవాళ్లవి 289 అయ్యాయి. పది నిమిషాలు మిగిలాయని సంబరపడబోయాను, మగవాళ్లవి కూడా 88కి తగ్గాయి.

కాగితం మీద గుణించి చూశాను. రోజుకి 299 నిమిషాల చొప్పున పదివేల గంటలు కావడానికి ఐదున్నరేళ్లు పడుతుంది. అంటే ఇరవయ్యేళ్లకి కాపురానికి వెళ్లిన మనిషి పాతికేళ్లు దాటిన ఆర్నెల్లకే పదివేల గంటల సాధన ముగిస్తుంది. అరవయ్యేళ్లు వచ్చేసరికి అలాంటివి ఏడు పూర్తిచేస్తుంది. వయొలిన్‌కైనా గోల్ఫ్‌కైనా వర్తించే సూత్రం వంటింటి గుమ్మం దగ్గరెందుకు ఆగిపోతుంది? అక్కడ పెరిగిన నేర్పుని నేర్పు అనరు, 'ఆడవాళ్లకి అలవాటే' అంటారు.

మా వైపు మిరప కోతలప్పుడు చూడండి. కల్లాల్లో ఎండిన కాయల రాశి ముందు కూర్చుని ఆడవాళ్లు తాలు ఏరతారు. ఎర్రకాయ, తెల్లబడ్డ కాయ, మచ్చ కాయ, ఆ వేళ్లు చూసే వేగం మన కళ్లకి అందదు. గుంటూరులో తొడిమలు తీసే పనికి పోయే ఆడవాళ్లు పొద్దస్తమానం ఘాటులో కూర్చుంటారు, ఇంటికొచ్చినా చేతుల మంట చల్లారదు. వాళ్లలో ఇరవై సీజన్లు చేసినవాళ్లున్నారు. పదివేల గంటలు ఎప్పుడో దాటిపోయాయి. అయినా కూలి లెక్కలో వాళ్లు 'నైపుణ్యం లేనివాళ్లు'. గ్లాడ్‌వెల్ గారు ఒకసారి మిర్చియార్డు వైపు వచ్చుంటే బాగుండేది.

అమెచ్యూర్ అనే మాట ఉంది. దాని లాటిన్ మూలానికి ప్రేమించేవాడని అర్థమట. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ మాటని ఆటల్లోకి తెచ్చిన ఇంగ్లీషు దొరలు దాన్ని దేనికి వాడారు? హెన్లీ పడవ పందేల నిబంధనల్లో 1879 నాటికే చేతి పనివాళ్లూ కూలీలూ అమెచ్యూర్లు కారని రాసిపెట్టారు. ఒళ్లు వంచి బతికేవాడికి ఆటని ప్రేమించే అర్హత లేదన్నమాట. ప్రేమించాలంటే ముందు తీరిక ఉండాలి, ఆ తీరికని ఇంకెవరో కష్టపడి అమర్చిపెట్టాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల గోల్ఫ్ ఉంది. తొమ్మిది గుంటల ఆట. మార్గరెట్ అబట్ అనే యువతి గెలిచింది, పింగాణీ పాత్ర బహుమానంగా ఇచ్చారు. అదే పోటీలో ఆమె తల్లి మేరీ కూడా ఆడింది. ఆ పోటీలు ఎంత అస్తవ్యస్తంగా జరిగాయంటే తాను గెలిచింది ఒలింపిక్స్ అన్న సంగతి తెలియకుండానే మార్గరెట్ 1955లో చనిపోయింది. ఛాంపియన్ అయిన సంగతి ఛాంపియన్‌కే చెప్పలేదు! ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల గోల్ఫ్ మళ్లీ కనబడింది 2016లో, రియోలో. అక్కడ బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఆడింది. అప్పటికి పద్దెనిమిదేళ్లది. కర్రల సంచీ మోసింది తండ్రి. ఐదేళ్ల తర్వాత టోక్యో పోటీల్లో తల్లి మోసింది. 2021 ఆగస్టు 7న అదితి ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పొద్దున మనదేశంలో గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా టీవీలు పెట్టుకు కూర్చున్నారు, మా అక్కతో సహా. నాకు ఆ ఆటలో గుర్తుండిపోయింది తల్లి భుజం. ఆడపిల్ల కలకి ఇల్లు ఇల్లంతా సంచీ మోస్తే ఎంత దూరం వెళ్లగలదో అక్కడ కనబడింది. అలా మోసే ఇళ్లెన్ని?

ఆటలోకి తలుపులు కూడా అలాగే తెరుచుకున్నాయి. అగస్టా నేషనల్ క్లబ్బు ఆడవాళ్లని సభ్యులుగా తీసుకున్నది 2012లో. గోల్ఫ్‌కి నియమాలు రాసిన సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 2014లో. మన దగ్గర 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకి అతిథిగా భోజనానికి వెళ్లిన మేఘాలయ స్త్రీని, ఆమె తన ఖాసీ సంప్రదాయ దుస్తులు జైన్‌సెమ్‌లో ఉన్నందుకు, పనిమనిషిలా ఉన్నావంటూ బయటికి పొమ్మన్నారు. ఆడదీ, పైగా పనిమనిషిలా కనబడేదీ. రెండు నేరాలు ఒకేసారి.

స్థలం మాటకొస్తే, పద్దెనిమిది గుంటల మైదానానికి నూట యాభై ఎకరాల దాకా కావాలి. 2020 చివర్లో మన రాష్ట్రంలో ఊళ్లల్లో పేద స్త్రీల పేరున సెంటున్నర చొప్పున ఇళ్ల పట్టాలిచ్చారు. నూట యాభై ఎకరాలంటే పదిహేను వేల సెంట్లు. అలాంటి పట్టాలు పదివేలు! మళ్లీ అదే అంకె.

ఇక నా సంగతి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ అక్క ఆ రోజు "నువ్వూ ఆడావుగా, నీకు తెలియదా" అని ఎత్తిపొడిచింది. ఆడాను. బాల్ బ్యాడ్మింటన్. మట్టి కోర్టు, పసుపుపచ్చ ఊలు బంతి, అటు ఐదుగురు ఇటు ఐదుగురు. స్కూల్లో రెండేళ్లు, కాలేజీలో మూడేళ్లు. ఓణీ నడుముకి బిగించి ముందు వరసలో ఆడేదాన్ని. ఈ ఆటతో రైల్వేలో ఉద్యోగం కూడా వస్తుందని ఎవరో చెప్పారు. అప్పట్లో మాకు ప్రొఫెషనల్ అన్న మాటకి అర్థం అదే. మితాలీ రాజ్ అంతటి ఆటగత్తె కూడా రైల్వేలో ఉద్యోగం చేసింది, కరణం మల్లీశ్వరి ఆహార సంస్థలో చేసింది. ఆట కూడు పెట్టదు, ఆట చూపించి తెచ్చుకున్న కొలువు పెడుతుంది. దానికోసం జట్టు ఎంపికకి వేరే ఊరు పోవాలన్నాను. నాన్న ఒకటే ప్రశ్న అడిగాడు. "ఖాయంగా వస్తుందా?" రాకపోవచ్చు అన్నాను. "మరెందుకు?" అన్నాడు. కోప్పడలేదు, కొట్టలేదు. ఆ వేసవిలో బ్యాటు అటకెక్కింది, శ్రావణంలో నాకు పెళ్లయింది.

నలభై ఏళ్ల తర్వాత అదే ఇంటి మనవణ్ణి 'ఖాయంగా వస్తుందా' అని ఎవరూ అడగలేదు. నేను అడిగితే నిరుత్సాహపరుస్తున్నానన్నారు.

నాకు తెలిసినంతలో తేడా అంతా ఇక్కడే ఉంది. ఆడపిల్ల కూడా కల కనొచ్చు అని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు, పోస్టర్లు కూడా వేస్తారు. కానీ ఫలితం ఖాయమైన కలే కనాలి. నెగ్గితీరాలి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉంది కాబట్టి దండలు వేశాం. వేయాల్సిందే. విశాఖ అమ్మాయి స్నేహదీప్తి 2013లో పదహారేళ్లకే భారత జట్టుకి ఆడి, ఆ తర్వాత పదేళ్లు కనబడకపోతే ఎంతమందిమి అడిగాం? 2023 వేలంలో ఢిల్లీ జట్టు ఆమెని 30 లక్షలకి తీసుకున్నాక, అప్పుడు, తల్లయి కూడా తిరిగొచ్చిందని రాసుకున్నాం.

మనం కూడా తక్కువేం కాదు. స్త్రీవాదులం, రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. మనం ఆడవాళ్లకోసం అడిగిందంతా చూడండి: చదువు, ఉద్యోగం, ఆస్తి, పొదుపు సంఘం, గేదె అప్పు. అన్నీ అవసరమే, అన్నింటికీ కొట్లాడాం. ఒక్కటి కూడా పనికిమాలినది లేదు! ముప్పై నాలుగేళ్ల ఆడది, రెండేళ్ల పాప తల్లి, ఉద్యోగం మానేసి గెలవలేని ఆట ఆడతానంటే మన పత్రికల్లో ఏ శీర్షిక కింద వేస్తాం? 'సాధికారత'లో పడుతుందా? ముందు మనమే అడుగుతాం, పాపనెవరు చూస్తారమ్మా అని. వృథా చేసుకునే హక్కు కూడా హక్కేనని, ఓడిపోయి ఇంటికొచ్చి అన్నం తినగలగడం కూడా సమానత్వమేనని మనకి తట్టలేదు. ఉపయోగపడే స్త్రీనే మనమూ కోరుకున్నాం. నాన్న ప్రశ్నని కొంచెం మంచి భాషలో మనమే అడుగుతూ వచ్చాం.

అందుకే మావాణ్ణి ఆపమని నేను అనడం లేదు. వాడు ఆడనీ, ఓడనీ. కానీ లెక్క పూర్తిగా రాయాలి. వాడి గంటల పక్కన ఇంకో వరస గీసి, ఆ గంటల్ని ఎవరు మోశారో ఆ పేరు రాయాలి. రెండేళ్లకి వాడి గడువు ముగిశాక ఆమెకీ రెండేళ్లు ఇవ్వాలి, దేనికని అడక్కుండా. ఇదే అక్కకి చెప్పాను. "అదేం కోరిందే? దానికేం కలలున్నాయి?" అంది అక్క. "ఏమో, అడిగావా?" అన్నాను. అక్క మాట్లాడలేదు.

పోయిన ఆదివారం కోడలే ఫోన్ చేసింది. పాపని నిద్రపుచ్చి వచ్చానంది. నా సంగతి అక్క చెప్పిందట. "చిన్నత్తయ్యా, మీరు మొత్తం ఎన్ని గంటలు ఆడుంటారు?" అనడిగింది. ఇద్దరం కలిసి వేళ్లమీద లెక్కపెట్టాం. రోజుకి గంటన్నర, ఏడాదికి రెండొందల రోజులు, ఐదేళ్లు. పదిహేను వందలు. తనకి ఏం చేయాలనుందని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఎవరికీ చెప్పొద్దని, ఒక మాట చెప్పింది. చెప్పొద్దంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. దానివల్ల పైసా రాదు, అది మాత్రం ఖాయం.

కాగితాలు ఇంకా నా బల్లమీదే ఉన్నాయి. నా సగానికి సంతకం పెడితే ఆ డబ్బు కోడలి పేరున పోవాలని వకీలు చేత రాయిస్తున్నాను. అక్క పదిరోజులుగా మా ఇంటికి రావడం మానేసింది.