కొన్నంక బయటపడ్డ గుర్రం గుణం

పోయిన నెల పింఛను కాయితాల గురించి రాసిన. ఈ నెల కరెంటు బిల్లుల మీద రాద్దామనుకున్న గాని, నడుమ ఒక గుర్రం వచ్చి అడ్డం నిలబడ్డది.

మా వాడకట్టులో ఒక తమ్ముడున్నడు. పేరు రాయను. తావెళ్ళ కార్ఖానాల సాంచాలు నడిపెటోడు. పని వారానికి మూడు దినాలకు వచ్చేసరికి, లగ్నాలకు వరాతు గుర్రం కిరాయికిచ్చే దందా పెట్టిండు. చీటీ ఎత్తి, భార్య బీడీల పైసలు కలిపి, ఆమె మెడలోది కుదువబెట్టి, 85 వేలకు ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నడు. అమ్మినోడు గుర్రాల వ్యాపారి. "వయసు 6 ఏండ్లు. బ్యాండు ముందర నిలిచిన గుర్రం. పటాకులు కాల్చినా చెవి కదపది" అన్నడు. తెచ్చిన 8వ దినం మొదటి వరాతు. బ్యాండు మొదలు కాంగనే గుర్రం ముందరి కాళ్ళు లేపింది. పెండ్లికొడుకును నలుగురు పట్టి దించిన్రు. నయం, ఎవరికీ దెబ్బ తాకలేదు. తెల్లారి జనావర్ల డాక్టరు నోరు తెరిచి చూసి, 15 ఏండ్లకు తక్కువ ఉండదన్నడు.

వాడలో నలుగురు చెప్పిన సలహా ఒక్కటే: "ఎవ్వరికీ తెల్వకముందే అక్లూజ్ బజారుకు తోలుకపోయి ఇంకొకనికి అంటగట్టు." దీపావళి వేళ మన జిల్లాలో జరిగే ఆ గుర్రాల బజారు అందరికీ ఎరుకే. గాని నేను వద్దన్న. ఆ అబద్ధం నిన్నటిదాకా అమ్మినోనిది. నీవు అదే మాట చెప్పి అమ్మితే రేపటి నుంచి నీది. ఇంకొక ఇంట్లో ఇంకొక ఆడబిడ్డ మెడలోది కుదువకు పోతది. పైగా ఆ గుర్రం మీద ఏ పెండ్లికొడుకో కిందపడితే ఆ పాపం ఎవరిది?

మరి ఏం చెయ్యాలె? నేను నాలుగో తరగతి చదివినోణ్ణి. గాని గిరణి మూతపడ్డంక బాకీ జీతాల కోసం యేండ్లకేండ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగినోణ్ణి. వకీళ్ళ దగ్గర కూసుండి కూసుండి కొంత తెలుసుకున్న. తెలుసుకున్నది రాస్తున్న.

గుర్రం గురించి మన దేశపు చట్టంలోనే రాసి ఉన్నది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్టు చట్టం ఇయ్యాల్టికీ నడుస్తున్నది. దాంట్ల 17వ సెక్షను మోసం అంటే ఏందో చెప్తది. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో గుర్రం ఉన్నది. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతున్నడు. దానికి రోగమున్నదని వానికి తెలుసు, గాని ఏమీ చెప్పలేదు. ఇది మోసం కాదు అంటది చట్టం. చదివి నేను కూడ ఆశ్చర్యపోయిన. అదే గుర్రాన్ని తండ్రి, అప్పుడే మైనారిటీ తీరిన సొంత బిడ్డకు అమ్మితే మాత్రం చెప్పి తీరాలె. ఎందుకంటే అది నమ్మకం మీద నడిచే సంబంధం. ఇంకొక ముచ్చట కూడ ఉన్నది: కొనేటోడు "నీవు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంట" అని ముఖం మీద అంటడు, అమ్మేటోడు నోరు మూసుకుంటడు. అప్పుడు ఆ ఊకుండుడే మాట ఇచ్చినట్టు లెక్క.

ఈ మూడో ముచ్చటే మనం కొంగున కట్టుకోవాలె. అడగకపోతే అమ్మేటోడు ఊకున్నది తప్పు కాదు. అడిగినంక ఊకున్నా, అబద్ధం చెప్పినా వాడు దొరికిండు. మనవాళ్ళకు అడుగుడంటే మొహమాటం. "తెలిసినోడే గదా, అడిగితే ఏమనుకుంటడో" అంటరు. సంక్రాంతికి మన సిద్ధేశ్వర యాత్రల జనావర్ల బజారు చూసినోళ్ళకు ఎరుకే, దలాలీలు రుమాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకొని బేరం చేస్తరు. ధర పక్కనోనికి తెల్వది. ధర గుట్టుగ ఉంటే ఉండనియ్యున్రి. గుణం మాత్రం నలుగురు వినంగ అడగాలె.

1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం ఇంకొకటి ఉన్నది. జనావరం కూడ దాంట్ల వస్తువు కిందనే వస్తది. దాని మొత్తం మాట: వస్తువు మంచిదై ఉండాలన్న పూచీ మామూలుగ అమ్మేటోని మీద ఉండది, చూసుకునే భారం కొనేటోనిదే. గాని దీనికి మినహాయింపులున్నయి. ఏ వర్ణన చెప్పి అమ్మిండో వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలె. ఆ వస్తువు అమ్ముడే దందాగ ఉన్నోనికి "నాకు వరాతుకు కావాలె, నీ మాట నమ్మి కొంటున్న" అని చెప్పి కొంటే, అది ఆ పనికి పనికిరావాలె. కాబట్టి దేనికి కొంటున్నరో కూడ నోటితో చెప్పున్రి.

ఇగ కొన్నంక తేడా బయటపడితే చెయ్యాల్సిన పనులు వరుసగ చెప్త.

మొదటిది, ఆ గుర్రాన్ని పనికి వాడుడు బందు పెట్టాలె. తేడా తెలిసినంక కూడ నాలుగు వరాతులు తిప్పి, కిరాయి తీసుకొని, "ఇగ వాపసు తీసుకో" అంటే చెల్లది. వాడుకున్నా, శానా దినాలు ఊకున్నా, మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పుకున్నంక గుర్రాన్ని వాపసు ఇచ్చే హక్కు పోతది, నష్టం కింద కొంత పైకం అడిగే హక్కే మిగులుతది.

రెండోది, సర్కారు జనావర్ల దవాఖానాకు తీసుకపోయి రాయించుకోవాలె. వయసు అందాజ ఎంత, కాళ్ళు ఎట్లున్నయి, చూపు ఎట్లున్నది, తారీఖు, డాక్టరు సంతకం, గుర్రం రంగు, మచ్చలు, సుళ్ళు. లేకపోతే "ఇది నేనమ్మిన గుర్రమే కాదు" అంటడు.

మూడోది, అమ్మినోనికి వెంటనే రాతలో తెలపాలె. ఫోనులో కొట్లాడితే ఫాయిదా లేదు. "ఫలానా తారీఖున ఇంత పైకానికి కొన్న. మీరు ఇట్ల చెప్పిన్రు. గుర్రం ఇట్ల ఉన్నది. నేను దీన్ని ఒప్పుకుంటలేను. ఇన్ని దినాల్ల పైకం ఇచ్చి గుర్రాన్ని తీసుకపోన్రి" అని రాసి, మెసేజి పంపున్రి, స్పీడ్ పోస్టు కూడ వెయ్యున్రి, రసీదు దాచున్రి. గుర్రాన్ని మనమే తోలుకపోయి వాని వాకిట్ల కట్టాల్సిన పని లేదు. ఒప్పుకోలేదని తెలిపితే చాలని అదే చట్టంలో ఉన్నది. సాక్షి లేకుండ కట్టేసి వస్తే "నాకు ముట్టనే లేదు" అంటడు.

నాలుగోది, మేత. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. కోపం అమ్మినోని మీద ఉండాలె, జనావరం మీద కాదు. ఎండబెట్టి, ఉపాసం పెట్టి, కొట్టి వాపసు ఇస్తే తప్పు మన మీదికే వస్తది. దాణాకు, డాక్టరుకు అయిన ఖర్చు రాసి పెట్టున్రి, అడిగేటప్పుడు అక్కెరకొస్తది.

ఇంత చేసినా అమ్మినోడు వినకపోతే? ముందు బజారు పెద్దలను, ఇద్దరు వ్యాపారులను నడుమ కూసుండబెట్టి మాట్లాడున్రి. కుదరకపోతే జిల్లా న్యాయసేవా ప్రాధికారానికి పోన్రి, ఫోను 15100. ఆడోళ్ళకు, గిరణి కార్ఖానా కార్మికులకు అక్కడ ఉచితంగ వకీలును ఇయ్యాలని 1987 చట్టంలో ఉన్నది. మన వాడల శానా మందికి ఈ సంగతి తెల్వది.

అమ్మినోడు వ్యాపారి అయితే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది, సలహాకు ఫోను 1915. 2019 చట్టం వచ్చినంక మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, అమ్మినోని ఊరికి తిరగాల్సిన పని లేదు. 5 లక్షల దాకా ఫీజు లేదు, 2 ఏండ్ల లోపల వెయ్యాలె. "దందాకు కొన్నవు గదా, నీవు వినియోగదారుడివి ఎట్లయితవు" అని అవతలోడు అడుగుతడు. సొంత కష్టం మీద పొట్టపోసుకునేందుకు కొన్నోడు కూడ వినియోగదారుడే అని చట్టంలో ఉన్నదని చెప్పున్రి.

పోలీసు స్టేషనుకు ఎప్పుడు పోవాలె? మనం తిట్టుకు వాడే 420 నంబరు, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 318 అయింది. మాట తప్పినోళ్ళందరూ దాంట్ల రారు. అమ్మేనాడే మోసం చెయ్యాలన్న బుద్ధి ఉన్నదని చూపాలె. దొంగ కాయితం ఇచ్చిండనుకో, నొప్పి తెల్వకుండ సూది ఇచ్చి కుంటి గుర్రాన్ని నడిపించి చూపిండనుకో, అప్పుడు పోవాలె.

ఇంకొక మాట జాగ్రత్తగ వినున్రి. అమ్మినోడు తెల్వక తప్పు చెప్పినా, ఊకుండి మోసం చేసినా, మామూలు జాగ్రత్తతో చూస్తే మీకు నిజం తెలిసేది ఉంటే, కొనుగోలు రద్దు చేస్తనంటే చెల్లదని కాంట్రాక్టు చట్టం 19వ సెక్షను అంటది. బర్రె నీళ్ళల్ల ఉండంగ బేరం చేసినోనికి కోర్టు కూడ ఏం చెయ్యలేదు. అందుకని కొనేముందే చూడాలె.

గుర్రానికి పాలపళ్ళు పోయి ముందరి పళ్ళన్నీ నిండేసరికి సుమారు 5 ఏండ్లు. ఆ తర్వాత కింది ముందరి పళ్ళ మీది గుంటలు అరుగుకుంట పోతయి, 8 ఏండ్లకు దాదాపు మాయమైతయి. పై వరుసల, ముందరి పళ్ళ చివరిదాని మీద 10 ఏండ్లకు ఒక నిలువు గీత మొదలైతది, 15కు సగం దిగుతది, 20కి కిందిదాకా వస్తది. మేతను బట్టి కొంత అటిటు ఉంటది. పళ్ళను ఆకురాయితో రాకి, గుంటలు కాల్చి వయసు తగ్గించేటోళ్ళున్నరు. కాబట్టి 200 రూపాయలకు వెనకాడకుండ డాక్టరును వెంట తీసుకపోన్రి. మెత్తని మట్టి మీద గాక గట్టి నేల మీద, ఎవ్వరూ ఎక్కకుండ, తాడు వదులుగ పట్టి నడిపించి, పరుగెత్తించి చూడున్రి. కుంటు ఉంటే తల ఊపుల తెలుస్తది. ముక్కు కారుడు, పుండ్లు, గడ్డలు ఉంటే దగ్గరికి పోవద్దు. గ్లాండర్స్ రోగం మనుషులకూ అంటుతది. దానికి రక్తపరీక్ష ఉన్నది. ఖాయం చేసేది హిసార్ల ఉన్న గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం. రోగం ఉన్నదని తేలితే ఆ గుర్రాన్ని బతకనియ్యరు. వరాతుకు కొనేటోళ్ళు బ్యాండు ముందర నిలబెట్టి చూడకుండ పైసలు ఇయ్యనే వద్దు. మెడ మీద దేవమణి సుడి ఉన్నదని నమ్మకంతో కొంటే కొనున్రి, గాని ఆ సుడి కాళ్ళ నొప్పిని చెప్పది.

మా తమ్మునికి ఒకటే ఆసరా దొరికింది. బేరమప్పుడు వ్యాపారి ఫోనుల మాట రికార్డు చేసి పంపిండు: "6 ఏండ్లు, బ్యాండుకు బెదరది." తమ్ముడు దాన్ని తుడిపెయ్యలేదు. డాక్టరు కాయితం, ఆ మాట, రిజిస్టరు పోస్టు, మూడూ ముట్టినంక, నెల దినాలు ఫోను ఎత్తనోడు తానే మనిషిని పంపిండు. 85లో 72 వేలు రెండు సార్లుగ తిరిగొచ్చినయి, మెడలోది ఇంటికొచ్చింది. 13 వేలు, ఒక సీజను పోయినయి. ఆ గుర్రాన్ని మళ్ళీ ఏ బజారుల ఏ వయసు చెప్పి నిలబెట్టిండో తెల్వది. ముసలితనం గుర్రం తప్పు కాదు. దాని వయసు దాని నోట్లనే ఉన్నది, దాచింది మనిషి.

గుర్రాలు కొనేటోళ్ళు మన వాడల పది మంది ఉంటరేమో. గాని పాత సాంచా, పాత ఆటో, పాలబర్రె, కుట్టుమిషను కొననోళ్ళెవరు? "మోటారు కొత్తది, ఒక్కనాడు ఆగలేదు" అన్న మాట విని సాంచా కొని, బిగించినంక తల పట్టుకున్నోళ్ళు ఎంత మంది లేరు! నియమం అన్నిటికీ ఒకటే. బయానా ఇచ్చేముందు తెల్ల కాయితం మీద నాలుగు వరుసలు రాయించున్రి: వస్తువు ఏది, ఏ పనికి కొంటున్నం, అమ్మేటోడు ఏమేం చెప్పిండు, తేలకపోతే ఎన్ని దినాల్ల వాపసు తీసుకుంటడు. కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. నిజం చెప్పి అమ్మేటోనికి ఈ కాయితం బరువు కాదు. సంతకం అనంగనే మాట మార్చేటోని దగ్గర కొననే వద్దు.

రాయరాకపోతే మన వాచనాలయంల సాయంత్రం 6 తర్వాత కూసుంట. కాయితం, పెన్ను తెచ్చుకోన్రి, రాసిస్త. వచ్చే నెల కరెంటు బిల్లుల ముచ్చట.