తాతయ్య మాసీ ముందు యాక్సిల్‌కి వెల్డింగు వద్దు

షెడ్డులో పడున్న తాతయ్య మాసీ 1035ని మళ్ళీ పొలంలోకి దింపాలని బాబాయి పట్టుబట్టాడు. సంతోషమే. కాని ముందు యాక్సిల్ ఊగుతోందని, మూడు ముక్కల్నీ కలిపి వెల్డింగు కొట్టించేద్దామంటున్నాడు. అది మాత్రం నేను ఒప్పుకోను.

మూడు ముక్కలుగా ఉండడానికి కారణముంది. నడిమి దూలం ఒకటి, దానికి అటూ ఇటూ బోల్టులతో బిగించిన చేతులు రెండు. జాకీ ఎత్తి, బోల్టులు తీసి, చేతుల్ని జరిపి వేరే రంధ్రాల్లో బిగిస్తే చక్రాల ఎడం మారుతుంది. 1946లో ఇంగ్లండులో మొదలైన ఫెర్గూసన్ టీఈ20లో 48 అంగుళాల నుంచి 80 దాకా, 4 అంగుళాలకో మెట్టు. చేతులు కాస్త వెనక్కి వాలి ఉంటాయి, అందుకని స్టీరింగు రాడ్ల పొడుగు ముట్టుకోనక్కర్లేదు. మన మాసీదీ ఆ వంశమే.

తుంగభద్ర నీళ్ళు చూసుకుని క్యాంపులకొచ్చిన మనవాళ్ళు వరి తప్ప ఎరగరనుకుంటారు. కాలువ చివరి పొలానికి నీళ్ళందని ఏడు పత్తీ మిరపే కదా! అప్పుడు సాళ్ళను బట్టి ముందు చక్రాలూ వెనక చక్రాలూ జరుపుకోవాలి. అమెరికాలో 1924లో వచ్చిన ఫార్మాల్‌కి ముందు చక్రాలు రెండూ దగ్గరదగ్గరగా, ఒకే సందులో నడిచేవి. చిన్న మలుపులో ఇట్టే తిరిగేది. పక్కకి ఒరిగే గుణమూ దానికే ఎక్కువ. మన గట్లు ఎక్కి దిగడానికి వెడల్పు యాక్సిలే నయం.

ఇక ఊగడం సంగతి. నడిమి పిన్ను మీద యాక్సిల్ అటూ ఇటూ ఒరగాల్సిందే. ఒక చక్రం గట్టెక్కినా మిగతావి నేలను వదలకుండా ఉండేది అందుకే. ముందుకీ వెనక్కీ ఆడితేనే పిన్నూ బుష్షులూ అరిగినట్టు. వెల్డింగుతో ఆ అరుగుదల ఎలా పోతుంది? పైగా ఆ వేడికి దూలం వంగితే చక్రాల వరస తప్పి, కొత్త టైర్లు ఒకపక్కే అరుగుతాయి. మామయ్య బండికి ఇలాగే అయింది, మర్చిపోయారా?

దమ్ములో స్టీరింగు తిప్పి తిప్పి భుజాలు పోతున్నాయన్న బాబాయి మాట నిజమే. పవర్ స్టీరింగు పెట్టించుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. యాక్సిల్‌ని మాత్రం వదిలేయమనండి.

పిన్నూ బుష్షుల ఖర్చు నాది. కుడి చేతికి రెండు రంధ్రాలు సాగిపోయాయి. మీ షెడ్లలో పాత మాసీ చేయి ఏదైనా ఉంటే పాత ఇనుములో వేయకండి, నాకు కబురు చేయండి.